ఒకే గూట్లో మూడు పెట్టలు పొదుగుకొచ్చినాయి, ఎట్లా నడపల్ల?

ధర్మవరం నాటుకోడి:
గూడు 8 అడుగులకు 6, పైన రేకులు. 11 నాటు పెట్టలు, ఒక పుంజు. మొదటి పెట్ట కింద 12 గుడ్లు పెట్టి 9 రోజులయింది. రెండోదాని కింద 9 గుడ్లు, 4 రోజులు. మూడోది నిన్నట్నుంచి ఖాళీ మూలలో కూర్చోని లేయడం లేదు. మిగతావి పొద్దున్నే మొదటిదాని గంపలోకి దూరి గుడ్డు పెట్టి పోతాండాయి. ఇప్పుడు 17 ఉన్నాయి, గుర్తు పెట్టలేదు కాబట్టి ఏవి పాతవో తెలీదు. నిన్న నీళ్లకు లేచిన రెండోది తిరిగొచ్చి మొదటిదాని గంపలో కూర్చుంది. దాని గుడ్లు గంటన్నర చల్లగా పడి ఉన్నాయి. ఇంకో గూడు కట్టే జాగా లేదు.

పులివెందుల 44:
ముందు ఆ 17 సంగతి తేల్చు. చీకటి పడినాక సెల్‌ టార్చి మీద గుడ్డు లావు కొస ఆనించి చూడు. 9 రోజులదయితే నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడు మాదిరి ఎర్ర నరాలు సగం పైగా కమ్ముకోని ఉంటాయి. అవి ఉంచు. సన్న నరాలు అప్పుడే పొడుస్తాండేవి రెండోదాని కిందికి మార్చు, అక్కడ వయసు దాదాపు కలుస్తుంది. ఏమీ లేకుండా పసుపు పచ్చగా వెలిగేవి, నరాలు లేకుండా ఎర్రటి వలయం మాత్రం ఉండేవి తీసెయ్.

ఎందుకంటే మొదటి పిల్లలు దిగిన ఒకటి రెండు రోజులకే తల్లి వాటిని తీసుకోని లేచిపోతుంది. వెనకబడిన గుడ్లలో పిల్ల సగంలోనే చచ్చిపోతుంది. ఇంకోటి, నాటు పెట్ట కింద 10, 12 కంటే పట్టవు. అయిదు ఎక్కువయితే ఆ అయిదే పోతాయనుకోవద్దు. కోడి రోజూ గుడ్లు దొర్లిస్తా ఉంటుంది, విడతకు కొన్ని అంచుకొచ్చి వంతులవారీగా అన్నీ చల్లారతాయి. ఉంచిన వాటికి పెన్సిల్‌తో చుట్టూ గీత గీయి. స్కెచ్‌ పెన్ను వద్దు, పెంకుకు సన్న రంధ్రాలుంటాయి.

గంటన్నర చల్లారిన వాటిని ఇప్పుడే పారేయొద్దు. మూడు రోజులాగి మళ్లీ వెలుతురులో చూడు, నరాలు పెరిగుంటే బతికినట్టే.

ఆళ్లగడ్డ తోట:
జాగా లేదంటే ఎట్లప్పా, 8 అడుగుల గోడ ఉంది కదా. గోడ పొడుగునా రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల లోతుతో మూడు అరలు వస్తాయి. అరంగుళం కన్నాల వెల్డు మెష్‌ కొట్టు. పెద్ద కన్నాల జాలీ అయితే పాము దూరుతుంది, పిల్లలూ బయటికొస్తాయి. అరల మధ్య అడుగు ఎత్తు వరకు గోనె పట్టా కట్టు, ఒకదానికొకటి కనపడకుంటే కొట్లాట ఉండదు. పెట్టలను రాత్రిపూటే మార్చల్ల. పగలు మారిస్తే పాత మూలకే పరుగెత్తుతాయి.

ప్రతి అరలో 15 అంగుళాల గంప, అడుగున మూడు వేళ్ల మందం ఇసుక, దానిమీద ఎండు వరిగడ్డి. చెనక్కాయ పొట్టు మాత్రం వేయొద్దు, తేమ తగిలితే బూజు పట్టి పిల్లల ఊపిరితిత్తులు చెడతాయి. మేత జొన్నలు, పక్కన నీళ్లు. జాలీ కొనలేకుంటే ఒక్కోదాన్నీ పెద్ద గంప కింద మూసి, రోజూ ఒకదాని తర్వాత ఒకటి 20 నిమిషాలు వదలండి. రెండూ ఒకేసారి లేస్తేనే గంపలు మారేది.

మిగతా పెట్టలకు ఎదురు మూలలో రెండు గంపలు పెట్టి ఒక్కోదాంట్లో ఒక ఉత్తుత్తి గుడ్డు ఉంచు. గుడ్డు కనపడిన చోటే ఇంకో కోడి పెడుతుంది.

ఆదోని ఎర్రమట్టి:
మూడోదానికి కొత్త గుడ్లు వద్దు. ఆ రేకుల కింద 21 రోజులంటే ఎండలు ముదురుతాయి, కోడే ఉక్కకు లేచి నిలబడుతుంది. ఉత్తుత్తి గుడ్ల మీదే కూర్చోనీ. 12 రోజులకు మొదటిదాని పిల్లలు దిగుతాయి కదా, ఆ రాత్రే సగం దీని కింద జరుపు. పగలు చూపిస్తే పొడుస్తుంది.

రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచి మధ్యాహ్నం నీళ్లు చల్లు. చివరి మూడు రోజులు గంప అడుగు ఇసుకను కాస్త తడుపు. గాలి మరీ పొడిగా ఉంటే లోపలి పొర పిల్లకు అతుక్కోని గుడ్డు చిట్లినాక కూడా బయటికి రాలేదు.

రాత్రి కోడి పొట్ట కింద చేయి పెట్టి చూడు. సన్నగా పాకేవి కనపడితే పేలు, అవి కొరుకుతాంటే ఎంత మంచి పెట్టయినా లేచిపోతుంది. గడ్డి కాల్చేసి, బూడిద, ఎండు వేపాకు కలిపి గంపలో వెయ్.

పులివెందుల 44:
ఆదోని అన్న మాటే రైటు. 18వ రోజు నుంచి గుడ్లు ముట్టుకోవద్దు, చిట్లినదాన్ని గోటితో ఒలవద్దు. దిగిన పిల్లలకు ఒక రోజు మేత లేకున్నా ఏమీ కాదు, కడుపులో పచ్చసొన ఉంటుంది. నీళ్లు పెట్టే సాసర్లో గులకరాళ్లు వేయండి, లేకుంటే మునిగి చస్తాయి. మొదటి వారం తల్లులను కలపొద్దు, పరాయి పిల్ల దగ్గరికొస్తే నెత్తి మీదే పొడుస్తాయి. ఏడో రోజు కొక్కెర తెగులు రాకుండా లసోటా వ్యాక్సిన్‌ చుక్క కంట్లో వేయాల. వ్యాక్సిన్‌ ఐసులోనే తేవాల.

ధర్మవరం నాటుకోడి:
రాత్రి చూసినా. 10 బాగా కట్టినాయి, 4 సన్న నరాలు, 3 ఖాళీ. ఆ నాలుగు రెండోదాని కిందికి మార్చినా, ఇప్పుడు దానికి 13. ఎక్కువయినాయా?

ఆళ్లగడ్డ తోట:
కోడి సర్దుకోని కూర్చున్నాక నేలబారుగా వంగి చూడు. రెక్క కింద ఎక్కడయినా గుడ్డు బయటికి కనపడిందంటే అంత ఎక్కువయినట్టే, అందులో నరాలు బలహీనంగా ఉండేది తీసెయ్.