ఆన్‌లైన్‌లో డ్రాయింగ్, వాటర్‌కలర్ నేర్చుకోవడం: విశాఖలో ఉండేవాళ్ళ అనుభవాలు

గాజువాక గీతలు:
రోజూ రాత్రి గంట, ఆదివారం మూడు గంటలు కుదురుతుంది. ఫొటో చూసి పెన్సిల్‌తో దించడం వచ్చు. ఎదురుగా ఉన్న వస్తువు గీయబోతే కొలతలు తప్పుతున్నాయి. వాటర్‌కలర్‌లో రెండో పూతకే బురదరంగు వచ్చేస్తోంది. మూడు నెలలకు ఆన్‌లైన్ కోర్సు తీసుకోవాలని ఉంది. రికార్డు చేసినది మంచిదా, లైవ్ మంచిదా? సామాను ఏమేం కావాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కంటిమట్టం:
ముందు కోర్సు సంగతి. మీ రెండు ఇబ్బందులూ వేర్వేరు, ఒకే కోర్సులో రెండూ తీరవు. పెన్సిల్ నుంచి ఆయిల్ దాకా అన్నీ కలిపి అమ్మేవాటిలో ఒక్కోదానికి రెండు మూడు వీడియోలుంటాయి, ఏదీ లోతుకి పోదు. మొదటి ఎనిమిది వారాలు ఒట్టి డ్రాయింగ్, తర్వాత నాలుగు వారాలు రంగులు అని విడదీసుకోండి.

డ్రాయింగ్ మొదలుపెట్టడానికి డబ్బు అక్కర్లేదండి. డ్రాయబాక్స్ (Drawabox) అనే వెబ్‌సైట్ పాఠాలు ఉచితం. 0.5 ఫైన్‌లైనర్ పెన్నుతో గీయమంటారు. పెన్ను గీత చెరగదు కాబట్టి, గీసేముందు చెయ్యి గాల్లో అదే దారిలో రెండు మూడుసార్లు ఆడించి, అప్పుడు ఒక్క ఊపులో గీయడం అలవాటవుతుంది. భుజం నుంచి కదలాలి, మణికట్టు నుంచి కాదు. మణికట్టుతో గీస్తే పొడుగు గీత విల్లులా వంగిపోతుంది. అందులోనే 250 పెట్టెలు గీసే అభ్యాసం ఉంది. ఒకేసారి కూర్చుని పూర్తి చెయ్యకండి, రోజుకి ఐదారు చాలు. గీసిన ప్రతి పెట్టెకీ ఒకే దిశలో పోయే అంచులు వెనక్కి పొడిగించి, అవి ఒకేచోటికి పోతున్నాయో లేదో చూసుకుంటేనే ఫలితం. డ్రాయబాక్స్‌వాళ్ళే చెప్పే ఇంకో నియమం కూడా వదలొద్దు: బొమ్మలకు పెట్టే సమయంలో సగం పాఠాలకి, సగం మీకు ఇష్టమైనది గీయడానికి.

డబ్బు పెట్టాల్సింది దిద్దుబాటుకే. చేరేముందు మూడు సంగతులు అడగండి. వారానికి ఎన్ని బొమ్మలు దిద్దుతారు? మీ బొమ్మ మీదే గీసి చూపిస్తారా, లేక కింద నాలుగు మాటలు రాసి వదిలేస్తారా? బ్యాచ్‌లో ఎంతమంది? గంట లైవ్ క్లాసులో ముప్పైమంది ఉంటే తలా రెండు నిమిషాలు వస్తుంది. దానికన్నా రికార్డు పాఠాలు తీసుకుని, నెలకి నాలుగు బొమ్మలు దిద్దించుకునే ఏర్పాటు విడిగా చేసుకోవడం మేలు.

అమెరికా లైవ్ క్లాసైతే టైము చూసుకోండి. వాళ్ళ పడమటి తీరంలో సాయంత్రం 6 అంటే మనకి మర్నాడు ఉదయం 6:30. నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పితే అదే క్లాసు మనకి 7:30 అవుతుంది. డ్యూటీకి పోయేవాళ్ళకి ఆ గంట తేడాతో కోర్సే చేజారుతుంది.

ఆన్‌లైన్ కోర్సులు అమ్మే యుడెమీలో కొన్నది నచ్చకపోతే మామూలుగా 30 రోజుల్లోపు డబ్బు వెనక్కి అడగొచ్చు. కాబట్టి కొన్న వారంలోనే మూడు పాఠాలు నిజంగా చేసి చూడండి, చూసి ఊరుకోవద్దు. పావుగంట వీడియోకి ముప్పావుగంట గీత, ఈ లెక్క తప్పితే ఎంత మంచి కోర్సైనా చెయ్యి మారదు.

రెండు గ్లాసులు:
బురదరంగు గురించి నేను చెప్తాను. దానికి కారణాలు నాలుగు, తరచుగా రెండు మూడు ఒకేసారి కలుస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, సగం ఆరిన పూత మీద మళ్ళీ కుంచె పెట్టడం. కాగితం ఆరడం దశలుగా ఉంటుంది. మొదట అద్దంలా మెరుస్తుంది, అప్పుడు రంగు వేస్తే దానంతటదే పాకుతుంది. తర్వాత మెరుపు తగ్గి మసకగా నిగనిగలాడుతుంది. ఈ దశలో చిక్కటి రంగు పెడితే మెత్తటి అంచు వస్తుంది, పలచటి రంగు పెడితే మాత్రం నీళ్ళు కింది రంగుని బయటికి తోసి గోబీపువ్వులా మరక కడతాయి. ఆ తర్వాత పొడిగా కనబడుతుంది కానీ వేళ్ళ వెనకవైపు ఆనిస్తే చల్లగా తగులుతుంది. చల్లగా ఉంటే లోపల తడి ఉన్నట్టే, ముట్టుకోవద్దు. చల్లదనం పోయాకే రెండో పూత.

చిక్కదనం చూసుకునేది ఇలా: చారు, పాలు, మీగడ, వెన్న. మొదటి పూత చారులా, రెండోది పాలలా, నీడలు మీగడలా, చివరి ముదురు గీతలు వెన్నలా. తడి కాగితం మీద పెట్టే రంగు ఎప్పుడూ కాగితం మీదున్న దానికన్నా చిక్కగా ఉండాలి. ఈ ఒక్కటి పట్టుబడితే గోబీపువ్వులు సగం తగ్గిపోతాయి.

రెండో కారణం ట్యూబులు. వెనక చిన్న అక్షరాల్లో పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కోడ్ ఉంటుంది, అల్ట్రామెరైన్ నీలానికి పీబీ29 లాగ. కోడ్ ఒకటే ఉంటే ఒకటే పిగ్మెంటు. శాప్‌గ్రీన్ లాంటి కలిపి అమ్మే రంగుల్లో రెండు మూడుంటాయి. వాటిని ఇంకో రెంటితో కలిపితే అయిదారు పిగ్మెంట్లు అయి చచ్చిపోయిన రంగు వస్తుంది. ఊదా కావాలంటే అల్ట్రామెరైన్‌లో క్రిమ్సన్ (నీలిఛాయ ఉన్న ఎరుపు) కలపండి. వర్మిలియన్ ఎరుపు కలిపితే అందులోని పసుపుఛాయ ఊదాని చంపేస్తుంది. మంచి బూడిదరంగుకి అల్ట్రామెరైన్, బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమరంగు) చాలు, నల్ల ట్యూబు మూత తియ్యకండి.

మిగతా రెండూ చిన్నవి: ఒకే గ్లాసు నీళ్ళు, ఒకేచోట కుంచెతో రుద్దడం. కుంచె కడగడానికి ఒక గ్లాసు, రంగులో కలపడానికి ఇంకో గ్లాసు పెట్టుకోండి. పెట్టిన గీతని మూడోసారి సవరించాలనిపిస్తే చెయ్యి ఎత్తేయండి.

ఆరాక వాటర్‌కలర్ ఒక మెట్టు పాలిపోతుంది. తడిమీద సరిపోయిందనిపించిన నీడ ఆరాక తేలిపోతుంది. కాబట్టి కాస్త ముదురుగానే కలపాలి.

ఉప్పుగాలి:
పై మాటలన్నిటికీ ఒకటి కలపాలి. చాలా కోర్సులు చలిదేశాల్లో, ఏసీ గదుల్లో తీసినవి. "ఐదు నిమిషాలు ఆగండి" అంటే అది వాళ్ళ గాలికి. మనకి వానాకాలంలో కిటికీ తెరిచి ఉంటే ఒక పూత ఆరడానికి అరగంట పట్టొచ్చు. మేలో ఫ్యాన్ కింద కూర్చుంటే ఆకాశం పూత సగంలోనే ఆరిపోయి అంచులు కడుతుంది. వీడియోలో నిమిషాలు కాదు, కాగితం మెరుపు చూసి అడుగు వెయ్యాలి. పెద్ద వాష్ (ఎక్కువ జాగాకి ఒకే పలచటి పూత) వేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. మెరుపు పోయాక వెయ్యొచ్చు. హెయిర్ డ్రయర్ కూడా మెరుపు పోయాకే, అడుగు దూరం నుంచి. ముందే పెడితే నీళ్ళు మడుగులా ఒక పక్కకి పోతాయి.

కాగితం దాచుకోవడం ఇక్కడ పెద్ద సమస్య. వాటర్‌కలర్ కాగితానికి జిగురులాంటి సైజింగ్ ఉంటుంది, నీళ్ళు వెంటనే లోపలికి ఇంకకుండా ఆపేది అదే. సముద్రపు తేమలో విప్పి పెట్టిన కాగితానికి అది అక్కడక్కడ చెడుతుంది. అప్పుడు పూత వెయ్యగానే కొన్ని చోట్ల రంగు పీల్చేసి ముదురు చుక్కలు పడతాయి. చాలామంది తమ చెయ్యి బాగాలేదనుకుంటారు, తప్పు కాగితానిది. జిప్ కవర్లో రెండు సిలికా జెల్ సంచులు వేసి, బయటిగోడకి ఆనని అలమరలో పెట్టండి. గోడవారన నేలమీద పెట్టొద్దు.

కొనేటప్పుడు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు, అంటే మందమైనది), కోల్డ్ ప్రెస్డ్ (పైభాగం కాస్త గరుకు) కాగితం. ప్యాడ్ కన్నా 22×30 అంగుళాల పెద్ద షీటు కొనుక్కుని 8 ముక్కలు చేసుకోవచ్చు, ఒక్కోటి 7.5×11 వస్తుంది. స్కేలు అంచుకి మడిచి రెండు వైపులా నొక్కి చింపితే కత్తెర అక్కర్లేదు.

బొగ్గుపుల్ల:
ఉప్పుగాలి గారూ, కాగితం ఏ రకమో కూడా చెప్పాలి. మొదలుపెట్టేవాళ్ళు చవక కలప గుజ్జు కాగితం కొంటే, 100 శాతం కాటన్ కాగితం మీద చేసి చూపించే పాఠం రానే రాదు. గుజ్జు కాగితం మీద మొదటి పూత లేచిపోయి రెండోదాంట్లో కలుస్తుంది. గాజువాక గీతలు గారి బురదకి ఇది కూడా కారణం కావొచ్చు. రంగులు స్టూడెంట్ గ్రేడ్ అయినా సరే, కాగితం మాత్రం కాటన్‌దే ఉండాలి.

ఉప్పుగాలి:
ఒప్పుకుంటాను, కానీ మొదటి రోజు నుంచీ కాదు. కాటన్ షీటు ఖరీదని భయపడి వారానికొక్కటే వేసేవాళ్ళు ఎక్కువ. కుంచె పట్టు, చిక్కదనం, రంగుల కలయిక ఇవన్నీ గుజ్జు కాగితం మీద రోజూ చెయ్యండి. తడిమీద తడి, పూతమీద పూత ఉన్న పాఠాలకి మాత్రం కాటన్ ముక్క తియ్యండి.

బొగ్గుపుల్ల:
అలాగైతే సరే. ఇక కొలతలు, షేడింగ్ నేను చెప్తాను.

కొలత పట్టేటప్పుడు ఒక కన్ను మూసి, మోచెయ్యి పూర్తిగా చాపి పెన్సిల్ వస్తువుకి ఎదురుగా పట్టుకోవాలి. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది. తప్పులు ఇక్కడే ఎక్కువ. చెంబు గీస్తున్నారనుకోండి, మూతి వెడల్పు కొలతగా పెట్టుకుని పొడవు అలాంటివి ఎన్నొస్తుందో లెక్కపెట్టండి. వివరాల్లోకి పోకముందే పై అంచు, కింది అంచు, రెండు పక్కలు గుర్తు పెట్టుకోండి.

షేడింగ్‌కి కోడిగుడ్డు చాలు. తెల్ల గుడ్డు, తెల్ల కాగితం, ఒకే దీపం. గదిలో ట్యూబులైటు ఆపెయ్యాలి, లేకపోతే రెండు నీడలు పడి అయోమయం. దీపం ఒక పక్క నుంచి, కాస్త పైనుంచి. ముందు కళ్ళు సగం మూసి, వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలవుతోందో ఒక్క సన్నటి గీత పెట్టండి. నీడవైపంతా 2బి పెన్సిల్‌తో ఒకే మోతాదులో నింపండి, గుడ్డు కింద టేబుల్ మీద పడ్డ నీడ కూడా కలిపి. అప్పుడు చూస్తే గుడ్డుకి అన్నిటికన్నా చీకటి అడుగున ఉండదు, వెలుగు తిరిగే పట్టీ దగ్గర ఉంటుంది. అడుగున కాగితం నుంచి వెలుగు ఎగిరి పడి కొంచెం లేతగా అవుతుంది. కొత్తవాళ్ళు ఆ ఎగిరిపడిన వెలుగుని రబ్బరుతో తెల్లగా చేసేస్తారు, గుడ్డు సత్తుగిన్నెలా అయిపోతుంది. నీడవైపున్న ఏ వెలుగూ, వెలుగువైపున్న ఏ ఛాయకన్నా లేతగా ఉండకూడదు. గుడ్డు టేబుల్‌ని తాకే చోట సన్నటి ముదురు గీత, 4బితో.

ఐదు మెట్ల నలుపుతెలుపు పట్టీ ఒకటి చేసుకుని పక్కన పెట్టుకోండి. బొమ్మ పూర్తయ్యాక ఫోన్‌లో నలుపుతెలుపు ఫిల్టర్ పెట్టి పోల్చుకోవచ్చు. ఇదే పని పెద్దవాళ్ళ బొమ్మలతో చేస్తే ఇంకా బాగుంటుంది. వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలు దొరికితే ఫొటో తీసి రంగు తీసేసి చూడండి. మన ఉత్తరాంధ్ర చిత్రకారుడి పని ఇలా చదవడం ఏ కోర్సులోనూ పెట్టరు, మనమే చేసుకోవాలి.

మనుషుల బొమ్మలకి త్వరగా గీసే అభ్యాసం: 30 సెకన్లలో గీసేవి పది, నిమిషంవి ఐదు, రెండు నిమిషాలవి మూడు. మొత్తం 16 నిమిషాలు. ముఖం, వేళ్ళు వద్దు, వెన్నెముక వంపు, భుజాల వాలు, బరువు ఏ కాలి మీద ఉందో, అంతే.

బీచ్‌రోడ్డు స్కెచ్:
పర్‌స్పెక్టివ్ (దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనబడేలా గీయడం) పాఠం వచ్చాక వీడియో ఆపేసి ఆర్కే బీచ్‌కి పదండి. సముద్రం, ఆకాశం కలిసే గీతే మీ కంటిమట్టం. నిలబడితే పైకొస్తుంది, కూర్చుంటే దిగుతుంది. మీరు నిలబడి చూస్తే, సమంగా ఉన్న నేల మీద మీ అంత పొడుగువాళ్ళు దగ్గరున్నా దూరమున్నా తల ఆ గీత దగ్గరే ఉంటుంది, పాదాలు మాత్రం దూరం పోయేకొద్దీ పైకి జరుగుతాయి. ఇసుక నీళ్ళవైపు వాలుగా ఉంటుంది కాబట్టి అలల దగ్గరున్నవాళ్ళ తలలు గీత కిందికి దిగుతాయి. ఈ ఒక్క సంగతితో జనం గాల్లో తేలడం ఆగిపోతుంది.

కుర్సురా సబ్‌మెరైన్ మంచి పాఠం. 91 మీటర్ల గొట్టం, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డునే ఉంది. గొట్టాన్ని అక్కడక్కడ అడ్డంగా కోసినట్టు కోడిగుడ్డు ఆకారాలు గీసుకోండి. ఆ గుడ్డు పొట్టి ఇరుసు (వెడల్పు తక్కువున్న వైపు పోయే నడుమగీత) ఎప్పుడూ గొట్టం పోయే దారిలోనే ఉండాలి. అది వంకరపోతే సబ్‌మెరైన్ మెలిపెట్టినట్టు కనబడుతుంది. రోడ్డువైపు నుంచి ఉదయం చూస్తే సూర్యుడు దాని వెనక ఉంటాడు, ఆకారం తప్ప ఏమీ తెలియదు. వెలుగునీడలు కావాలంటే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి.

పడవలకి ఫిషింగ్ హార్బర్. ముందు పర్‌స్పెక్టివ్‌లో పెట్టె, దాంట్లో నడుమగీత, ఆ తర్వాత అంచుల వంపు. నేవీ గోడలూ బోర్డులూ ఉన్న చోట ఫొటోలు తియ్యొద్దు.

బయట వేసేటప్పుడు కాగితానికి నాలుగు మూలలా క్లిప్పులు, నీళ్ళకి మూత ఉన్న డబ్బా. ప్యాలెట్‌ని గాలి తగలకుండా ఒళ్ళో పెట్టుకోండి, ఇసుక పడితే కుంచె వెంట్రుకలు అరిగిపోతాయి.

గాజువాక గీతలు:
అందరికీ ధన్యవాదాలండి. రెండు సందేహాలు. దిద్దించుకోవడానికి బొమ్మ ఫొటో ఎలా తియ్యాలి? నా దగ్గర ఏడాదిగా బీరువా మీద ఉన్న ప్యాడ్ ఒకటి ఉంది, అది పనికొస్తుందా?

కంటిమట్టం:
ఫొటో ఉదయం తొమ్మిదింటప్పుడు, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర. రాత్రి ట్యూబులైటు కింద తీస్తే రంగులు మారతాయి. బొమ్మ గోడకి ఆనించి, ఫోన్ దానికి సమాంతరంగా, నాలుగడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్‌తో తియ్యండి. దగ్గరగా తీస్తే అంచులు ఉబ్బుతాయి, దిద్దేవాళ్ళు అది మీ తప్పనుకుంటారు. కాగితం నాలుగు అంచులూ కనబడాలి. కింద కాగితం సైజు, పట్టిన సమయం, ఒకే ఒక్క ప్రశ్న రాయండి. "ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది.

ఉప్పుగాలి:
ప్యాడ్ పై షీటు మూల మీద పాలలాంటి పూత ఒకటి రెండంగుళాలు వెయ్యండి. సమంగా ఆరితే పర్వాలేదు. ముదురు చుక్కలు పడితే వెనక్కి తిప్పి అదే పరీక్ష చెయ్యండి. ఒక్కోసారి వెనక బాగుంటుంది. రెండు వైపులా చుక్కలొస్తే పెన్సిల్‌కి, కుంచె గీతల అభ్యాసానికి వాడుకోండి. నల్ల బూజు కనబడితే మాత్రం కొత్త కాగితాలతో కలిపి పెట్టొద్దు.