బెర్లిన్ టెక్నో క్లబ్బుల్లో డ్రెస్ కోడ్ ఏంటి? మమ్మల్ని గుమ్మం దగ్గరే వెనక్కి పంపేశారు

మాగ్డెబర్గ్_మాస్టర్స్:

అందరికీ నమస్తే. మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. పోయిన శనివారం మా రూమ్మేట్స్‌తో కలిసి ట్రైన్ ఎక్కి బెర్లిన్ వెళ్లాం, ఇన్నాళ్లూ రీల్స్‌లో చూస్తున్న టెక్నో (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) క్లబ్ లోపల ఎలా ఉంటుందో చూద్దామని. క్లబ్ పేరు ఎందుకులెండి. అర్ధరాత్రి దాటేదాకా చలిలో లైన్లో నిలబడితే, గుమ్మం దగ్గరాయన మమ్మల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. అంతే. కారణం లేదు, మాట లేదు. మేమేమో ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, పెర్ఫ్యూమ్ కొట్టుకుని పద్ధతిగా వెళ్లాం. మా వెనకాల వల బనియన్ వేసుకుని మెళ్లో ఇనప గొలుసు తగిలించుకున్నవాణ్ణి మాత్రం నవ్వుతూ లోపలికి పంపారు.

హైదరాబాద్ పబ్బుల్లో చెప్పులు, షార్ట్స్ వద్దంటారు, అమ్మాయిలు లేకుండా వస్తే స్టాగ్స్ అని ఆపుతారు. ఒళ్లు మండుతుంది గానీ రూల్ ఏంటో తెలుస్తుంది. ఇక్కడ రూల్ ఏంటి? అంతా నల్ల బట్టలే వేసుకోవాలా? ఆన్‌లైన్‌లో లెదర్ బెల్టులవీ కలిపి రేవ్ సెట్ అని అమ్ముతున్నారు, కొనమంటారా? మా వాడొకడేమో బట్టలు కాదురా, మన రంగు చూసి ఆపారు అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

క్రాయిట్స్‌బర్గ్_కిట్టయ్య:

తమ్ముడూ, ఆ రేవ్ సెట్ జోలికి పోకు, డబ్బు దండగ. హైదరాబాద్‌లో గుమ్మం దగ్గర చూసేది నువ్వు లోపల ఎంత ఖర్చు పెడతావని. ఇక్కడ చూసేది నీ వల్ల లోపలున్నవాళ్లకి ఇబ్బందా కాదా అని.

బెర్గ్‌హైన్ అనే క్లబ్ సంగతే తీసుకో. 2004లో ఓస్ట్‌బాన్‌హోఫ్ రైల్వే స్టేషన్ దగ్గర పాత పవర్ ప్లాంట్‌లో మొదలైంది. దానికి ముందు అదే ఓనర్లు ఓస్ట్‌గుట్ అని ఇంకో క్లబ్ నడిపారు, స్నాక్స్ అనే పేరుతో గే మగవాళ్ల ఫెటిష్ (లెదర్, గొలుసుల లాంటి లైంగిక సరదాల) పార్టీలు పెట్టేవాళ్లు. ఈ లెదరూ గొలుసులూ అక్కణ్ణుంచి వచ్చినవే, ఏ ఫ్యాషన్ షోలోంచో కాదు. ఆఫీసులోనూ ఇంట్లోనూ తన సంగతి దాచుకుని బతికే మనిషి అక్కడ చొక్కా విప్పి ఆదివారం సాయంత్రం దాకా డాన్స్ చేస్తాడు (శనివారం రాత్రి తెరిస్తే సోమవారం పొద్దుటిదాకా నడుస్తుంది మరి). అతన్ని చూసి మోచేత్తో పొడుచుకుని నవ్వుకునే గుంపు ఒకటి దిగిందనుకో, ఆయన మళ్లీ రాడు. ఫోన్ కెమెరాకి ముందూ వెనకా స్టిక్కర్ అంటించేదీ అందుకే. అది పీకి ఫోటో తీస్తే నడువు బయటికి అంటారు.

అక్కడ గుమ్మం దగ్గర ఏళ్లుగా పేరుపడ్డ స్వెన్ మార్క్వార్ట్ తూర్పు బెర్లిన్ ఫోటోగ్రాఫర్. మొహం మీద టాటూలు చూస్తే హడలిపోతాం, కానీ ఫోటోగ్రాఫర్ కదా, మనిషిని చూడగానే అంచనా కట్టేస్తాడు. కాబట్టి నేనడిగేది మీరేం వేసుకున్నారని కాదు. లైన్లో ఎలా ఉన్నారు? ఆ రాత్రి ఎవరు వాయిస్తున్నారో మీకు తెలుసా?

మాగ్డెబర్గ్_మాస్టర్స్:

సెల్ఫీలు దిగాం అన్నా, లైన్లో అది కూడా తప్పా? చుట్టూ అందరూ పరీక్ష హాల్లో ఉన్నట్టు గమ్మున నిలబడ్డారు. ఎవరు వాయిస్తున్నారో మాకెలా తెలుస్తుంది, బోర్డు కూడా లేదు.

పాత_క్యాసెట్:

ఆ రాత్రి ఎవరెవరు వాయిస్తారనే లైనప్ క్లబ్ వెబ్‌సైట్లో ఉంటుంది బాబూ, చూసుకుని వెళ్లు. ఒక్కోసారి గుమ్మం దగ్గర అడుగుతారు కూడా.

కిట్టయ్య గారి మాటకి ఒక సవరణ. లెదర్ సంగతి సరే గానీ, అందరూ నల్లటి బట్టల్లో కనిపించడం ఈ మధ్య ముదిరిన యూనిఫామ్. 1990ల ఫోటోలు చూడండి. బెర్లిన్ గోడ కూలాక తూర్పు బెర్లిన్‌లో ఓనరెవరో తేలని బిల్డింగులు బోలెడు ఖాళీగా పడి ఉండేవి, కుర్రాళ్లు స్పీకర్లు మోసుకెళ్లి పార్టీలు పెట్టేసేవాళ్లు. 1991లో ట్రెసర్ అనే క్లబ్ తెరిచింది వెర్ట్‌హైమ్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ ఖజానా గదిలో. నేల కింద, తుప్పు పట్టిన లాకర్లు, ఇనప కమ్మీలు, జనం చెమటే ఆవిరై పైకప్పు నుంచి చుక్కలు చుక్కలుగా మీద పడేది. అందులోకి ఏం వేసుకెళ్తారు? మిలిటరీ ప్యాంట్లు, రోడ్డు పనివాళ్ల ఆరెంజ్ జాకెట్లు, గ్యాస్ మాస్కులు, చవగ్గా దొరికిందల్లా వేసుకొచ్చేవాళ్లు. లవ్ పరేడ్ అనే టెక్నో వీధి ఊరేగింపులోనైతే నియాన్ రంగులు, బొచ్చు బూట్లు.

పైగా ఈ సంగీతం పుట్టింది బెర్లిన్‌లో కాదు, డెట్రాయిట్‌లో. జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, ముగ్గురూ నల్లజాతివాళ్లు. వాళ్ల తర్వాత వచ్చిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే బృందం వాళ్లు మొహాలకి ముసుగులు కట్టుకుని కనిపించేవాళ్లు, మమ్మల్ని చూడొద్దు, సంగీతం వినండి అని. ట్రెసర్ క్లబ్ వాళ్ల రికార్డు కంపెనీ మొదటి రికార్డు ఈ బృందం వాళ్లు ఎక్స్-101 పేరుతో చేసిందే. మొహమే చూపించనంటూ మొదలైనవాళ్ల సంగీతం వినడానికి ఇప్పుడు మొహం చూసి లోపలికి పంపడం నాకైతే మింగుడుపడదు. 2016లో కోర్టు బెర్గ్‌హైన్‌ని కచేరీల లెక్కన చూసి 19 శాతం పన్నుని 7 శాతం చేసింది. 2024లో బెర్లిన్ టెక్నో జర్మనీ వాళ్ల సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా చేరింది. ఇంకా చాటుమాటు అండర్‌గ్రౌండ్ అని చెప్పుకోవడం ఏంటండీ బాబూ!

నాయ్‌కోల్న్_పిల్ల:

క్యాసెట్ గారూ, గుమ్మం దగ్గర వడపోత లేకపోతే ఏమవుతుందో అమ్మాయిల్ని అడగండి. నేను స్పోర్ట్స్ బ్రా మీద డాన్స్ చేస్తాను, ఇంతవరకూ ఎవడూ తేరిపార చూడలేదు. ఎవరైనా మీద పడితే చెప్పుకోడానికి చాలా క్లబ్బుల్లో అవేర్‌నెస్ టీమ్ ఉంటుంది. మన ఊళ్లో పబ్‌కి నిండా కప్పుకుని వెళ్లినా ఇంత ధీమా ఉండేది కాదు.

తమ్ముడూ, ఈసారి గుంపుగా వద్దు, ఇద్దరు చాలు. ఆదివారం పగలు వెళ్లు, లైన్ చిన్నగా ఉంటుంది. చెమటకి తట్టుకునే టీషర్ట్, ఎవరు తొక్కినా బాధలేని పాత బూట్లు, చెవులకి ఇయర్‌ప్లగ్స్. అన్నిటికంటే పెద్ద పేరున్న చోటే మొదలుపెట్టక్కర్లేదు, చిన్న క్లబ్బులు బోలెడున్నాయి. నిజంగా డ్రెస్ కోడ్ అంటే కిట్‌క్యాట్‌ది, 1994 నుంచీ ఉన్న ఫెటిష్ క్లబ్, మామూలు జీన్స్‌తో వెళ్తే రానివ్వరు. లోపల సెక్స్ కూడా జరుగుతుంది, అది తెలిసి వెళ్లు. ఇంకోటి, టాయిలెట్ దగ్గర ఎవరేం ఇచ్చినా తీసుకోకు, స్టూడెంట్ వీసా మీద ఉన్నావు.

సెక్షన్_సుబ్బారావు:

రంగు గురించి అడిగిన ప్రశ్న అందరూ దాటేశారు. బట్టలు నచ్చలేదనో గుంపు నచ్చలేదనో క్లబ్ ఆపొచ్చు, రంగు చూసి ఆపకూడదు. జర్మనీలో 2006 నుంచి దానికి సమాన హక్కుల చట్టం ఉంది. రాయిట్లింగెన్‌లో ఒక నల్లజాతి కుర్రాణ్ణి డిస్కోలోకి రానివ్వకపోతే 2011లో ష్టుట్‌గార్ట్ పై కోర్టు 900 యూరోలు ఇప్పించింది. మీ విషయంలో ఏం జరిగిందో ఇక్కడున్న ఎవరమూ చెప్పలేం, కారణం చెప్పని పద్ధతితో వచ్చే చిక్కే అది. మీలాంటి గుంపులు, మీలాంటి బట్టలతో తెల్లవాళ్లు మీ ముందు లోపలికి వెళ్లారా? వెళ్లుంటే తేదీ, టైము, చూసినవాళ్ల పేర్లు ఇప్పుడే రాసిపెట్టుకోండి. పరిహారం అడగాలంటే రెండు నెలల్లోపు అడగాలి. జర్మనీ కేంద్ర ప్రభుత్వ వివక్ష నిరోధక కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది, ముందు వాళ్లకి రాయండి. మీ ముందు వెళ్లినవాళ్లు ఎవరో గుర్తుందా?

మాగ్డెబర్గ్_మాస్టర్స్:

మా ముందు తెల్ల కుర్రాళ్ల గుంపు ఒకటి ఉంది, ఇంచుమించు మాలాంటి చొక్కాలే. వాళ్లనీ వెనక్కి పంపారు. మావాడికి ఇది చూపిస్తా. ఆదివారం పగలంటే ఎన్నింటికి వెళ్లమంటారు అక్కా?

నాయ్‌కోల్న్_పిల్ల:

మధ్యాహ్నం భోంచేసి రండి. అన్నట్టు ఆ పెర్ఫ్యూమ్ తగ్గించండి.