"ఎముక విరిగెనేని" అని ఎవరైనా విన్నారా?

ఎముకల వార్డు: ఎల్లుండి ఆర్థో వైవా (ఎముకల వైద్యంలో నోటి పరీక్ష), ఒకటే టెన్షన్. విరిగిన ఎముక ఎన్ని వారాల్లో అతుకుతుందో చెప్పే పెర్కిన్స్ లెక్క బట్టీ పడుతున్నా. చేతి ఎముక మెలికగా విరిగితే అతుకు పడటానికి 3 వారాలు, గట్టిపడటానికి 6, కాలిదైతే 12, అడ్డంగా విరిగితే 24. ఈ రెట్టింపుల మధ్య వేమన్న అడ్డొచ్చాడు: "ఎముక విరిగెనేని యినుమారు ముమ్మారు..." తర్వాతి పాదం రావట్లేదు. అసలది ఎముకేనా? మా తాతయ్య అలాగే చదివేవాడు.

గణవిభజన: ఇనుము. "కాచి యతుకనేర్చు గమ్మరీడు" రెండో పాదం. ఎముకను కొలిమిలో కాచే డాక్టరెవరండీ!

ఎముకల వార్డు: గణం కుదిరింది, ఎకారానికి ఇకారంతో యతీ చెల్లింది కదా?

గణవిభజన: చెల్లుతుంది. కానీ ఇనుము, ఇనుమారు అన్న ఆ ఆట పోతుంది. ఇనుమడిలో ఉన్న ఇను అది.

నిజామాబాదీ: మా దిక్కు బొక్క ఇరిగింది అంటరు. "బొక్క విరిగెనేని" అంటే గణం నిలిచింది, యతి ఇరిగింది.

పాత పంతులు: అందరూ మొదటి పాదం దగ్గరే ఆగారు. తగాదా మూడో పాదంలో ఉంది. "మనసు విరిగెనేని మరి యంటనేర్చునా". దీన్ని "యతుకనేర్చునా" అని పాడుచేసేవాళ్లున్నారు. ఇనుముకైతే అతుకు, మనసుకైతే అంటు. మామిడికి అంటు కట్టాలంటే రెండువైపులా ప్రాణం ఉండాలి. అందుకే మాట మార్చాడని నా నమ్మకం.

గణవిభజన: గణం కోసం మార్చాడు పంతులుగారూ.

హౌస్ సర్జన్: పంతులుగారి లెక్కన ఎముకకు పడేది కూడా అంటు అన్నమాట. కాలస్ (విరిగినచోట పుట్టే కొత్త ఎముక) రెండు అంచుల నుంచీ పెరిగి కలుస్తుంది, ప్లేటూ స్క్రూలూ అప్పటిదాకా కదలకుండా పట్టుకోవడానికే. తమ్ముడూ, పెర్కిన్స్ లెక్క పెద్దవాళ్లకి, పిల్లలకు ఇంకా తొందరగా అతుకుతుంది. అది కచ్చితంగా అడుగుతారు.

పాత పంతులు: సుశ్రుతుడు ఎముక విరగడాన్ని కాండభగ్నమనీ, కీలు తప్పడాన్ని సంధిముక్తమనీ విడదీశాడు. మొదటిది 12 రకాలు, రెండోది 6. సంధిముక్తం, ఎంత మంచి మాట!

నిజామాబాదీ: సంధి అంటే మాకు గసడదవాదేశమే యాదికొస్తది. ఇంతకీ కమ్మరీడా, గమ్మరీడా?

గణవిభజన: రెండూ. యతికి కా-క అయినా కా-గ అయినా సరిపోతుంది. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే వేమన్నకు పాఠాంతరాలు కుప్పలు.

పాత పంతులు: గమ్మరీడే. కమ్మరీడు అంటే నడక తడబడుతుంది, పైకి చదివి చూడండి.

గణవిభజన: చదివాను. తడబడలేదు.

ఎముకల వార్డు: అది తేలేలోపు ఇంకొకటి. సబ్‌లక్సేషన్‌కు తెలుగులో ఏమంటారు? జబ్బ సగమే జారితే కీలు తప్పినట్టా, ఊడినట్టా?

హౌస్ సర్జన్: తప్పినట్టు. ఊడటమంటే పూర్తిగా.

నిజామాబాదీ: మా దిక్కు రెండింటికీ జారిందనే అంటరు.