ఆవిరి ఇంజన్లను కొన్న తరువాత వాటికి శాశ్వత నివాసం ఎలా చూసుకున్నారు?

ప్రశ్న: కాజీపేట విద్యార్థి

బ్రిటన్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు ఆవిరి ఇంజన్లను తుక్కు కాకుండా కాపాడుకున్న చరిత్రను కొంతకాలంగా చదువుతున్నాను. 1968 ఆగస్టులో అక్కడి ప్రధాన మార్గాలలో ఆవిరి బండ్లు ఆగిపోయాయనీ, సౌత్ వేల్స్‌లోని బారీ పట్టణంలో వుడ్‌హామ్ సోదరుల తుక్కు యార్డు కొన్న 297 ఇంజన్లలో 213 తిరిగి బయటపడ్డాయనీ తెలిసి ఎంతో సంతోషించాను. అయితే నాకు దొరికిన కథనాలన్నీ చందాలు పోగుచేసి ఇంజను కొనడంతోనే ఆగిపోతున్నాయి. బొగ్గు, నీళ్ళు మోసే వెనుక బండి, అంటే టెండరుతో కలిపితే వంద టన్నులు దాటే యంత్రాన్ని కొన్నవారు దానిని ఎక్కడ నిలబెట్టారు? రేపు ఎవరూ తమను ఖాళీ చేయమనరన్న భరోసా వారికి ఎలా కలిగింది? మన స్టేషన్ల ముందు దిమ్మెల మీద నిలిపిన ఇంజన్లను చూసినప్పుడల్లా ఈ ప్రశ్నే మనసులో మెదులుతోంది.

జవాబు: రెడింగ్ నివాసి

మీ ప్రశ్నకు ఇంగ్లండులో మా ఇంటికి దగ్గరలోని డిడ్‌కాట్ మంచి ఉదాహరణ. 1961లో లండన్ పశ్చిమాన సౌతాల్‌లో ఉండే నలుగురు పాఠశాల విద్యార్థులు గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు చెందిన నీళ్ళ తొట్టి తన మీదే ఉండే ఒక చిన్న ట్యాంకు ఇంజనునైనా కాపాడాలని పూనుకోవడంతో గ్రేట్ వెస్టర్న్ సొసైటీ మొదలైంది. 1964లో వారు 1466 నంబరు ఇంజనును కొన్నారు, కానీ దానికి సొంత గూడు లేదు కాబట్టి డెవన్‌లోని టాట్నెస్‌లో ఉంచవలసి వచ్చింది. ఈలోగా 1965లో డిడ్‌కాట్ లోకో షెడ్డులో ఆవిరి ఇంజన్ల పని ముగిసింది. ఇంజన్ల కోసమే 1932లో కట్టిన షెడ్డు, దాని పక్కనే బొగ్గు ఎక్కించే ఎత్తైన స్టేజీ, మరమ్మతు శాల అన్నీ చెక్కుచెదరకుండా ఉండగా 1967లో సొసైటీ అక్కడికి చేరింది. ఇప్పటికీ ఆ ఆవరణ చుట్టూ రైలు పట్టాలే ఉన్నాయి, రోడ్డు దారి లేదు, కాబట్టి సందర్శకులు స్టేషన్ సబ్‌వే గుండా నడిచి లోపలికి వెళ్ళాలి. బరువైన యంత్రం ఏదైనా పట్టాల మీదుగానే రావాలి. ఇది ఇబ్బందే, అయినా ప్రధాన మార్గంతో పట్టాల బంధం తెగిపోకుండా ఉండడం ఒక ఇంజనుకు ఎంత మేలో అక్కడ నిలబడి చూస్తేనే అర్థమవుతుంది.

స్థలం మాత్రం రైల్వేదే, సొసైటీది లీజు. దీనికి భిన్నమైనది యార్క్‌షైర్‌లోని కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వే. మూతపడిన శాఖా మార్గాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు రైల్వే నుంచి వాయిదాల మీద కొనుక్కుని 1968 జూన్‌లో తిరిగి తెరిచారు. అదే ఏడాది సెప్టెంబరులో బారీ యార్డు నుంచి బయటికి వచ్చిన మొట్టమొదటి ఇంజను 43924 చేరింది వారి దగ్గరికే. ఇల్లు ముందు, ఇంజను తరువాత అన్న క్రమం అక్కడ కుదిరింది. నా దృష్టిలో సరైన క్రమం అదే.

జవాబు: బిట్రగుంట విశ్రాంత బాయిలర్ మేకర్

రెడింగ్ వారు చెప్పిన దానికి పనివాడిగా ఒక మాట చేరుస్తాను. ఇంజను నడుస్తున్నంతకాలం ప్రతిరోజూ ఎవరో ఒకరు దాని ఒంటిమీద చెయ్యి వేస్తారు, బూడిద తీస్తారు, నూనె పోస్తారు. ఆగిపోయిన నాటి నుంచి దానికి శత్రువు తేమే. ముందు భాగంలో ఉండే స్మోక్ బాక్స్ అడుగున మిగిలిపోయిన బొగ్గు బూడిదలో గంధకం ఉంటుంది, పొగ గొట్టం గుండా వాననీళ్ళు అందులో పడితే ఆమ్లమై రేకును తినేస్తుంది. ఒక స్టేషన్ ముందు దిమ్మె మీద ఏటేటా నల్లరంగు నిగనిగలాడేలా వేసిన ఇంజనుకు స్మోక్ బాక్స్ తలుపు తీయించి చూస్తే, అడుగు రేకు చేతి గోటికి ఊడివచ్చింది. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. సముద్రపు గాలిలో ఏళ్ళ తరబడి నిలిచిన బారీ ఇంజన్లను మళ్ళీ ఆవిరికి తెచ్చారంటే ఆ కార్యకర్తలకు చేతులెత్తి మొక్కాలి.

బ్రిటన్‌లో నడిచే ఇంజనుకు సాధారణంగా పదేళ్ళకొకసారి బాయిలర్‌ను ఫ్రేము మీద నుంచి దించి, ట్యూబులు లాగి, లోపలి రేకులను పట్టి ఉంచే కడ్డీలైన స్టేలు పరీక్షించి మళ్ళీ అనుమతి తీసుకుంటారు. అందుకే శాశ్వత నివాసమంటే పైకప్పుతో పాటు బాయిలర్‌ను ఎత్తగల క్రేను, కింద దిగి పనిచేయడానికి పిట్టు, ఆ పని నేర్పగలిగిన పెద్దలు, నేర్చుకునే కుర్రవాళ్ళు కూడా అని నేను అనుకుంటాను.

ప్రశ్న వేసినవారు: కాజీపేట విద్యార్థి

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే పెద్దాయన గారూ, దిమ్మె మీద ఉన్న ఇంజనును టిక్కెట్టు లేని పిల్లవాడు కూడా చూడగలడు కదా? నాకు ఈ ఇష్టం పుట్టింది అలాంటి ఇంజను దగ్గరే. దానిని ఏ షెడ్డులోనో దాచి ఉంటే నేను ఈ ప్రశ్న అడిగి ఉండేవాణ్ణి కాదు.

జవాబు: బిట్రగుంట విశ్రాంత బాయిలర్ మేకర్

నీ మాటలో న్యాయముంది బాబూ, నేను దానిని కాదనను. అన్ని ఇంజన్లనూ నడపడం సాధ్యం కాదు. నడపదలచిన వాటికి హర్యానాలోని రేవారీ ఆవిరి ఇంజన్ల షెడ్డు వంటి చోటు కావాలి. 1893 నాటి ఆ షెడ్డు వంటి చోట్ల ఇప్పటికీ మంట వేసి ఆవిరి ఎక్కిస్తున్నారు కాబట్టే మన దేశంలో ఆ పని తెలిసిన చేతులు మిగిలాయి. దిమ్మె మీద ఉండేవాటికి నేను కోరేది తక్కువే. పైన ఒక రేకుల కప్పు వేయాలి, పొగ గొట్టానికి మూత బిగించాలి, స్మోక్ బాక్స్‌లోని బూడిదంతా ఎత్తి ఆరబెట్టాలి, బాయిలర్‌లో చుక్క నీరు లేకుండా దించి అడుగు ప్లగ్గులు తెరిచి ఉంచాలి. నీకు ఇష్టం పుట్టించిన ఆ ఇంజనుకు ఈ నాలుగూ చేశారో లేదో స్టేషన్ అధికారుల అనుమతి తీసుకుని ఒకసారి చూసి రా. తలుపు బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టవద్దు, కీలుకు కిరోసిన్ పట్టించి ఒక రాత్రి వదిలిపెట్టు.