సమస్యాపూరణం: పగలు పచ్చ యగుచు రాత్రి పగడ మయ్యె

నిర్వాహకులు

ఈ వారం సమస్య:

పగలు పచ్చ యగుచు రాత్రి పగడ మయ్యె

సాన సంఘం ఆదివారం బల్ల మీదికి, వెలుగును బట్టి రంగు మారే అలెగ్జాండ్రైట్ ముడిరాయి వచ్చింది. ముందు ఉత్తరం కిటికీ దగ్గర, తర్వాత తలుపులు మూసి ఫిలమెంట్ బల్బు కింద చూపించారు. ఈ పాదం అక్కడే తట్టింది. రాయి మీదే రాయాలని నియమం లేదు, కానీ రాయి మీద రాస్తే రాయి లక్షణం తప్పకూడదు. గణదోషం పట్టేవాళ్లు పాదం ఉటంకించి చెప్పండి. గడువు గురువారం రాత్రి.

చార్‌కమాన్

పసుపు కాంతిని మ్రింగెడు ప్రస్తరమ్ము
పచ్చ యెఱుపుల రెండింటి బాట విడిచె
ఎండ నీలము, దీపాన నెఱుపు హెచ్చ
పగలు పచ్చ యగుచు రాత్రి పగడ మయ్యె

గణపరీక్ష

మొదటి పాదం మళ్లీ చూడండి. "మ్రింగెడు ప్రస్తరమ్ము" అన్నారు. "ప్ర" ముందున్న "డు" గురువు కాదా? అప్పుడు మూడో గణం "మ్రింగెడు" భగణం కాక రగణం అవుతుంది. అదీ ఇంద్రగణమే కాబట్టి పాదం చెడదు, ఏ గణమో తేలాలి. మిగతా మూడు పాదాలకూ పేరు పెట్టేదేమీ లేదు.

చార్‌కమాన్

"మ్రింగెడు" తెలుగు మాట, "ప్రస్తరము" వేరే పదం. రెండూ సంస్కృత పదాలై కలిసిన సిద్ధసమాసం కాదు. ఊనిక లేకుండా విడిగా పలుకుతాం కాబట్టి "డు" లఘువే. పోయిన నెలలో ఇదే సూత్రం మీరే లక్కపుల్ల గారికి చెప్పారు.

గణపరీక్ష

చెప్పాను. ఒప్పుకున్నాను, భగణమే.

ఉప్పల్ ఖనిజం

చార్‌కమాన్ గారూ, మూడు పాదాల్లో అసలు కారణమంతా పట్టారు. ఈ రాయి బెరీలియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన క్రిసోబెరిల్. అల్యూమినియం కూర్చోవలసిన చోట అక్కడక్కడ క్రోమియం కూర్చుంటే అది సుమారు 580 నానోమీటర్ల దగ్గర పసుపును బలంగా పీల్చుకుంటుంది. దానికి అటు పచ్చ, ఇటు ఎరుపు, రెండు కిటికీలూ దాదాపు సమానంగా తెరిచి ఉంటాయి. పగటి వెలుగులో నీలం, పచ్చ పాలు ఎక్కువ కాబట్టి త్రాసు పచ్చవైపు మొగ్గుతుంది. ఫిలమెంట్ బల్బులో ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి ఎరుపువైపు మొగ్గుతుంది. మరకతాన్ని పచ్చగా, కెంపును ఎర్రగా చేసేదీ ఈ క్రోమియమే. ఆ రెండు రాళ్లు పీల్చుకునే చోట్లకు నడుమ ఇది నిలబడింది, అందుకే ఎటైనా ఒరుగుతుంది. "రెండింటి బాట విడిచె" అన్న ముక్కలో ఇదంతా ఉంది.

ఒక్క అభ్యంతరం సమస్య మీదే. పగడం అంటే నారింజ కలిసిన ఎరుపు. అలెగ్జాండ్రైట్ రాత్రి రంగు దానిమ్మగింజలా ఊదా కలిసిన ఎరుపు. కెంపు అని ఉండాల్సింది.

నిర్వాహకులు

కెంపు పెడితే యతి పోతుంది. పూరణలో ఎవరైనా ఆ లోటు తీరిస్తే సంతోషం.

లక్కపుల్ల

తీర్చాను. నా పూరణలో అది నిజంగా పగడమే, పచ్చ నిజంగా పచ్చే.

వెలుగు గలవేళఁ బగులును వెదకవలయు
మెత్తనగు రాయి దీపాన మెఱుఁగు పడును
సానవానికిఁ జేతిలో సరుకు మాఱి
పగలు పచ్చ యగుచు రాత్రి పగడ మయ్యె

చార్‌కమాన్

శభాష్ అన్నా! రంగు మారే రాయి చుట్టూ మేమంతా తిరుగుతుంటే సరుకునే మార్చేశారు, పగలు పచ్చను, రాత్రి పగడాన్ని సానకు పెట్టారు. పైగా పని తెలిసిన చేతి మాట ఇది. పచ్చలో పగులు లేనిది అరుదు. నూనె పట్టించి దాచిన పగులు దీపం కింద మెరుపులో కలిసిపోతుంది, పగటి వెలుగులో రాయిని అటూ ఇటూ వంచితేనే బయటపడుతుంది. ఆ పగులు టేబుల్ (రాయి పైన ఉండే పెద్ద చదును ముఖం) కిందికి అడ్డంగా వచ్చేలా కోస్తే సాన మీదే రాయి రెండవుతుంది. పచ్చను వేడి లక్కతో పుల్లకు అంటించడమూ ప్రమాదమే, వేడికి లోపలి పగులు సాగుతుంది. చల్లగా పట్టే జిగురు వాడాలి. పగడానికి ఈ గొడవలేమీ లేవు. అది లోపలికి కనిపించని రాయి, పైగీత పోయిందా లేదా అన్నదే చూడాలి. పక్కనుంచి వాలుగా పడే దీపం కాంతిలో ఆ గీత పగటికన్నా బాగా కనిపిస్తుంది.

గణపరీక్ష

విరుపు, అంటే సమస్యకు ఊహించని అర్థం తెచ్చిన మలుపు, బాగుంది. ఈ సమస్యకు ఇంతకన్నా మంచి విరుపు రాకపోవచ్చు. లక్కపుల్ల గారికి విరుపులు ఎప్పుడూ వస్తాయి, వాస్తవం దగ్గరే జారతారు. పోయినసారి జాకబ్ వజ్రం మీద పూరణలో "గోలకొండలోఁ బుట్టిన గొప్ప రవ్వ" అన్న పాదం ఇంకా అలాగే ఉంది. దిద్దుతారా?

లక్కపుల్ల

ఆ పాదంలో యతి తప్పిందా, గణం తప్పిందా?

గణపరీక్ష

రెండూ సరిగ్గానే ఉన్నాయి. వజ్రం తప్పింది. 184.75 క్యారెట్ల ఆ రాయి దక్షిణాఫ్రికాది. జాకబ్ అనే వ్యాపారి దాన్ని 1891లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అమ్మజూపాడు, బేరం కోర్టుదాకా వెళ్లింది. తర్వాత ఏడో నిజాం దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడు. హైదరాబాద్‌లో బతికిన వజ్రం అనండి, ఒప్పుకుంటాను. గోలకొండలో పుట్టిందంటే ఒప్పుకోను.

ఉప్పల్ ఖనిజం

ఇంకో మాట. అసలైన గోలకొండ వజ్రాలు కూడా గోలకొండలో పుట్టలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల్లో దొరికి గోలకొండ బజారుకు వచ్చేవి. ఆ పాదం రెండు విధాలా నిలవదు.

లక్కపుల్ల

సరే, "గోలకొండ బజారులో గొప్ప రవ్వ" అని దిద్దుతున్నాను. గణాలు మీరే చూడండి.

గణపరీక్ష

"గోల", "కొండ బ", "జారులో", "గొప్ప", "రవ్వ". గణం, యతి నిలిచాయి. ఆ రాయి ఆ బజారు ముఖం కూడా చూడలేదు. కాబట్టి నా అభ్యంతరం నిలిచే ఉంది.

నిర్వాహకులు

జాకబ్ వజ్రం చర్చ పాత పేజీలో కొనసాగించండి. ఇక్కడ ఇంకా రెండు రోజులుంది.

ఉప్పల్ ఖనిజం

ధర్మమునఁ జూడ వైడూర్య ధాతు విదియ
కంటి గీతయె లేదన్నఁ గలఁత యేల
క్రోమియముఁ గొంత చేరఁగాఁ గొత్త వన్నె
పగలు పచ్చ యగుచు రాత్రి పగడ మయ్యె

నవరత్నాల్లో కేతువుకు చెప్పే వైడూర్యం, ఈ అలెగ్జాండ్రైట్, రెండూ ఒకటే ఖనిజం. వైడూర్యంలో సన్నని సూదులు వరసగా ఒకే దిక్కున ఉండి గుమ్మటంగా సానపట్టినప్పుడు పిల్లికన్ను గీత తెస్తాయి. ఇందులో ఆ సూదుల బదులు క్రోమియం పని చేస్తోంది. రెండూ కలిసిన రాయి కూడా ఉంటుంది. అది గీతతో పాటు రంగూ మారుస్తుంది.

లక్కపుల్ల

ఖనిజం గారి పద్యాల్లో శాస్త్రం నిండుగా ఉంటుంది, సాన మాత్రం ఉండదు. "కొత్త వన్నె" అని ఒక్క మాటలో తేల్చారు. ఈ రాయికి వన్నెలు మూడు. ఒక దిశలో ఆకుపచ్చ, ఒక దిశలో నారింజ, ఒక దిశలో ఊదా ఎరుపు. ముడిరాయి ఎటు కోయాలో తెలియకుండా చక్రం మీద పెడితే నారింజ ఎదురుగా వచ్చి, పగటి పచ్చ బురద రంగు తిరుగుతుంది. ఆ తర్వాత ఎంత మెరుగు పెట్టినా ఆ రంగు దిద్దడానికి వీలుండదు.

ఆదివారం చూసినవాళ్లకు తెలుసు, రాయిని ముందు తెల్లగిన్నెలో నూనెలో ముంచి పగుళ్లు గుర్తుపెట్టాలి. తర్వాత డైక్రోస్కోపులో, అంటే రాయిలోని రెండు వన్నెలను విడదీసి చూపే చిన్న గొట్టంలో చూడాలి. పక్కపక్క గడుల్లో ఒకదాంట్లో పచ్చ, ఇంకోదాంట్లో ఊదా ఎరుపు పడే దిశ దొరికేదాకా తిప్పాలి. టేబుల్ ఆ దిశకే ఎదురుగా ఉండాలి. అక్కడ మార్కరుతో చుక్క పెట్టి అప్పుడు లక్క వేడిచేయాలి. రాయిని కూడా లక్కతో పాటే మెల్లగా వేడెక్కించాలి. చల్లని రాయికి లక్క పైపైనే పట్టి, సగం ముఖాలు కోశాక ఊడుతుంది, మళ్లీ అదే కోణంలో అంటించడం నరకం.

చార్‌కమాన్

కోణాలు కూడా చెప్పండి అన్నా, కొత్తవాళ్లు చదువుతున్నారు.

లక్కపుల్ల

క్రిసోబెరిల్ వక్రీభవన సూచిక 1.746 నుంచి 1.755. దాని సందిగ్ధ కోణం, అంటే లోపలి వెలుగు బయటికి పోకుండా వెనక్కి తిరగడం మొదలయ్యే కోణం, దగ్గర దగ్గర 34.9 డిగ్రీలు. పెవిలియన్ ముఖాలు (రాయి కింది సగం ముఖాలు) 41 లేదా 42 దగ్గర పెట్టుకుంటే వెలుగు లోపలే తిరిగి పైకి వస్తుంది. 35కి దిగితే నడుమ కిటికీ పడుతుంది, రాయి కింద పెట్టిన పత్రిక అక్షరాలు చదవొచ్చు. అప్పుడు పగలు పచ్చా కనిపించదు, రాత్రి పగడమూ కనిపించదు.

కాఠిన్యం 8.5 కాబట్టి వజ్రపు పొడి వాడటమే మేలు. 600 గరుకు చక్రం మీద ఆకారం, 1200 మీద ముఖాలు, 3000తో గీతలు తీసి, తగరం చక్రం మీద 14,000 లేదా 60,000 పొడితో మెరుగు. మెట్టు మారినప్పుడల్లా రాయి, పుల్ల, చేతులు, నీళ్ల తొట్టి, అన్నీ సబ్బుతో కడగాలి. 600 గరుకు ఒక్క రేణువు మెరుగు చక్రం మీదికి వెళ్తే అద్దంలాంటి ముఖం మీద గీత తర్వాత గీత పడుతూనే ఉంటుంది. నీళ్ల ధార ఆపి కోయకండి. ఈ రాయిలో బెరీలియం ఉంది, పొడి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఉప్పల్ ఖనిజం

మూడు వన్నెల మాట నిజం, నా పద్యంలో అది లేదు. కానీ నాలుగు పాదాల్లో ఒకటి మీ సమస్యకే పోయాక, మూడింట్లో క్రోమియంతో పాటు డైక్రోస్కోపు కూడా ఇరికించమంటే ఏ కవీ ఇరికించలేడు.

ట్రూప్‌బజార్

తొలిసారి ఇక్కడ పద్యం పెడుతున్నాను, పెద్దలు దిద్దండి.

తెల్ల దీపము క్రింద నది తెలియ దనుచు
ప్రాత బల్బును వెలిగించి పట్టి చూడ
నర్సిపట్నపు మట్టిలో నలుసు రాయి
పగలు పచ్చ యగుచు రాత్రి పగడ మయ్యె

గణపరీక్ష

మొదటి పాదం మూడో గణం "క్రింద నది". గురువు, ఆపైన మూడు లఘువులు. ఇంద్రగణాల్లో అలాంటిది లేదు, ఒక లఘువు ఎక్కువైంది. "క్రిందను దెలియ దనుచు" అనండి. గణం సరిపోతుంది, తె–దె యతీ దక్కుతుంది. మిగతా పాదాల్లో వేలు పెట్టే చోటు లేదు. "నర్సి", "నలుసు" యతి చక్కగా పడింది.

చార్‌కమాన్

బాబూ, నర్సిపట్నం తేవడం గొప్ప ఆలోచన. ఉరల్ కొండల్లో 1830ల్లో దొరికి రష్యా యువరాజు అలెగ్జాండర్ పేరు పెట్టుకున్న రాయి, 1990ల్లో మన నర్సిపట్నం చుట్టుపక్కల కూడా బయటపడింది. అది ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మనవాళ్లందరం ఉరల్‌ని తలచుకుంటాం, ఇంటి పక్కది మరచిపోతాం.

ఉప్పల్ ఖనిజం

నాకు నచ్చింది మొదటి పాదమే. ఇందాకటి నుంచి పద్యాల్లో "దీపం" అంటున్నాం, ఏ దీపమో ఏ పద్యంలోనూ చెప్పలేదు. నా పద్యంలో దీపమే లేదు. ఈ రోజుల్లో అంగడిలో వెలిగేది ఎల్ఈడీ. 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ కింద అలెగ్జాండ్రైట్ పచ్చగానే కూర్చుంటుంది. పసుపుపచ్చని 2700 కెల్విన్ ఎల్ఈడీ కింద కూడా చాలాసార్లు సగమే మారుతుంది, ఎందుకంటే దాంట్లో ముదురు ఎరుపు పాలు ఫిలమెంట్ కన్నా తక్కువ. మంచి రాయిని దొంగ రాయి అనుకుని పక్కన పెట్టేది ఇక్కడే. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి కోఠి వైపు ఇంకా దొరుకుతుంది. కిటికీ పూర్తిగా మూసి దాన్ని వెలిగించాలి. రెండు వెలుగులూ కలిస్తే రాయి బూడిద రంగులో ఎటూ తేలదు.

లక్కపుల్ల

దాని తిరగేసిన ముక్క కూడా రాయండి. రంగు మారిందని సంబరపడి కొనేవాళ్లు ఎక్కువ. వనేడియం కలిపి తయారుచేసిన కృత్రిమ కురువిందం (కెంపు, నీలం ఏ ఖనిజమో అది) కూడా రంగు మారుస్తుంది, అలెగ్జాండ్రైట్ అని చెప్పి అదే అమ్ముతారు.

ఉప్పల్ ఖనిజం

దాన్ని పట్టడం సులువు. పగలు అది నిజంగా పచ్చ కాదు, బూడిద కలిసిన నీలం. రాత్రి ఊదా. అనుమానముంటే తూచండి. గాలిలో 2 క్యారెట్లు తూగే రాయిని సన్నని తీగతో నీళ్లలో వేలాడదీస్తే, క్రిసోబెరిల్ అయితే 1.46 తూగుతుంది, కురువిందమైతే 1.50. ఒకటి 3.73 సాంద్రత, ఇంకొకటి 4. రాయికి, తీగకు అంటుకున్న గాలి బుడగలు కుంచెతో తుడిచి చూడాలి, లేకపోతే నీళ్లలో బరువు తక్కువ చూపి కురువిందం కూడా క్రిసోబెరిల్‌లా కనిపిస్తుంది. వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపులో 475 నానోమీటర్ల దగ్గర గీత కనిపిస్తే ఇక అడగక్కర్లేదు, అది వనేడియం రాయే.

కానీ ప్రయోగశాలలో పెంచిన అసలు అలెగ్జాండ్రైట్ ఉంటుంది. దానికి తూకం, సూచిక అన్నీ సరిపోతాయి. అక్కడ లోపలి మచ్చలు మైక్రోస్కోపులో చదవగలిగినవాళ్లకే వదిలేయాలి.

ట్రూప్‌బజార్

దిద్దిన పద్యం:

తెల్ల దీపము క్రిందను దెలియ దనుచు
ప్రాత బల్బును వెలిగించి పట్టి చూడ
నర్సిపట్నపు మట్టిలో నలుసు రాయి
పగలు పచ్చ యగుచు రాత్రి పగడ మయ్యె

గణపరీక్ష

ఇప్పుడు నిండుగా ఉంది. లక్కపుల్ల గారి విరుపు మీద నా మాట మారలేదు. కానీ రాయినే పట్టుకుని రాసిన వాటిలో దీపం పేరు చెప్పింది ఇదొక్కటే.

లక్కపుల్ల

దానికి నేనూ ఒప్పుకుంటున్నాను. గణపరీక్ష గారూ మనమూ ఒక మాట మీద నిలబడ్డది ఈ పేజీలో ఇదే మొదటిసారి.

నిర్వాహకులు

విరుపుకు లక్కపుల్ల గారిది, రాయికి ట్రూప్‌బజార్ గారిది ఎంచుకున్నాం. చార్‌కమాన్ గారి పద్యాన్ని ఆదివారం బల్ల దగ్గర బోర్డు మీద రాస్తాం, రంగు ఎందుకు మారుతుందని అడిగేవాళ్లకు అది చాలు. ఖనిజం గారి వైడూర్యం పద్యం పిల్లికన్ను రాళ్ల పెట్టె మూత మీదికి. ఆదివారం నర్సిపట్నం ముక్క ఒకటి డైక్రోస్కోపు కింద ఉంటుంది, టేబుల్ ఎటు పెట్టాలో చూసినవాళ్లంతా చుక్క పెట్టి చెప్పండి, లక్కపుల్ల గారు చివరన పెడతారు.

వచ్చే వారం సమస్య:

వెల్తి యయిన కొలఁది రాయి వెల పెరిగెను