తాతగారి మెస్సీ 1035: తొమ్మిదేళ్ల తర్వాత స్టార్ట్ చేయాలి, ముందేం చూసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా తాతగారి మెస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు తొమ్మిదేళ్లుగా కొట్టంలోనే ఉంది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. పాత ఇనుము కొనేవాళ్లు రెండుసార్లు వచ్చి బేరం అడిగి వెళ్లారు. నాన్నగారు ఇచ్చేద్దామంటున్నారు కానీ నాకు మనసొప్పడం లేదు. దమ్ము చేసే రోజుల్లో ఆ బండి చప్పుడు వింటూ గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఇంకో ట్రాక్టరుకి కట్టి లాగితే అదే స్టార్టవుతుందని ఊళ్లో అందరూ అంటున్నారు. అలా చేయొచ్చా? ఇంకో చిన్న సందేహం. మెస్సీ అంటే ఎవరు, ఫెర్గూసన్ అంటే ఎవరు అని మా మేనల్లుడు అడిగాడు. నాకు తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

తమ్ముడూ, ముందు ఒక్క మాట. లాగించొద్దు. నేను ముప్పై ఏళ్లు ట్రాక్టరు షెడ్డు నడిపాను. లాగించి పాడుచేసుకున్న ఇంజన్లు చాలా చూశాను. తొమ్మిదేళ్లు కదలని ఇంజన్లో పిస్టన్ రింగులు లైనర్లకి, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలకి, తుప్పుతో పట్టేసి ఉండొచ్చు. గేరులో వేసి లాగితే బలమంతా ఒక్కసారిగా వాటి మీదే పడుతుంది. రింగు విరిగితే లైనరు గీసుకుపోతుంది. అప్పుడు రెండు రోజుల పని కాస్తా పూర్తి ఇంజన్ పని అవుతుంది.

బ్యాటరీ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ముందు ఇంజనాయిల్ గేజీ కడ్డీ తీసి చూడు. ఆయిల్ ఉండాల్సినదానికంటే పైకి ఉన్నా, మజ్జిగలా తెల్లగా ఉన్నా లోపలికి నీళ్లు చేరినట్టే. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చెయ్యి, పూర్తిగా తీయకు. నీళ్లుంటే ముందు అవే కారతాయి, ఎందుకంటే అవి ఆయిల్ కిందికి చేరి ఉంటాయి. ఆ ఆయిల్ మొత్తం తీసేసి ఫిల్టరు మార్చి కొత్తది పొయ్యి.

తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే మూడు నాజిళ్లూ విప్పు. ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టుకో. ఒక్కో సిలిండరులో ఇంజనాయిలూ డీజిలూ కలిపి రెండు మూడు చెంచాలు పోసి, రంధ్రాలకి గుడ్డ పెట్టి రెండు రోజులు వదిలెయ్యి. మూడో రోజు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, ఇంజన్ ముందున్న పూలీ నట్టుకి పానా పెట్టి చేత్తో తిప్పు. కదలకపోతే బలవంతం చేయొద్దు. ఇంకొంచెం ఆయిల్ పోసి మళ్లీ ఆగు. నా దగ్గరికి వచ్చిన ఒక బండికి పదకొండు రోజులు పట్టింది. పదకొండో రోజు పొద్దున పానా మీద చెయ్యి వేస్తే వేలెడంత కదిలింది. ఆ రోజు షెడ్డులో కుర్రాళ్లందరికీ టీ నేనే తాగించాను.

పూలీ రెండు చుట్లు ఏ అడ్డూ లేకుండా తిరిగాకే స్టార్టరు. అది కూడా నాజిళ్లు బిగించకముందే. లోపల మిగిలిన ఆయిలంతా ఆ రంధ్రాల్లోంచి బయటికి చిమ్మేయాలి. మొహం మాత్రం దూరంగా పెట్టుకో.

ఇంకో సభ్యుడు:

అన్నా, మా మామయ్య బండి లాగితేనే స్టార్టయింది, ఏమీ కాలేదు. ఇంత పని అవసరమా?

జవాబు:

మీ మామయ్యగారి బండి ఎన్నాళ్లు ఆగి ఉందో తెలియదు కదా. ఒక సీజను ఆగిన బండికి నడుస్తుందేమో గానీ, తొమ్మిదేళ్లు ఆగినదాని మీద నేను ఆ పందెం కాయను. పైగా తాడు ఎక్కడ కట్టారన్నది ఇంకా పెద్ద విషయం. లాగే ట్రాక్టరుకి తాడు ఎప్పుడూ డ్రాబారుకే, అంటే వెనక కిందుగా ఉండే లాగుడు కడ్డీకే కట్టాలి. టాప్ లింక్ (నాగలిని పైనుంచి పట్టుకునే కడ్డీ) దగ్గరో యాక్సిల్ పైనో కడితే ముందు చక్రాలు లేచి బండి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. ఇలా ప్రాణాలు పోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక ఆ మేనల్లుడి ప్రశ్న. దానికి జవాబు ఈ తిరగబడటంతోనే మొదలవుతుంది.

హ్యారీ ఫెర్గూసన్ ఉత్తర ఐర్లండ్ రైతుబిడ్డ. 1909 డిసెంబరు 31న తను కట్టుకున్న విమానంలో ఎగిరాడు. ఐర్లండ్‌లో విమానం నడిపిన మొదటివాడు ఆయనే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ట్రాక్టర్ల పనితీరు మెరుగుపరచమని ప్రభుత్వం ఆయనకి పని అప్పగించింది. అప్పట్లో నాగలిని ట్రాక్టరు వెనక బండిని కట్టినట్టే కట్టి ఈడ్చేవాళ్లు. నాగలి రాయికో మొద్దుకో తగులుకుంటే చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, ముందు భాగం గాల్లోకి లేస్తుంది. ఫెర్గూసన్ ఏళ్ల తరబడి ఆలోచించి నాగలిని ట్రాక్టరుకి మూడు చోట్ల బిగించాడు. కింద రెండు చేతులు, పైన ఒక లింకు. మనం రోజూ వాడే త్రీ పాయింట్ లింకేజీ అదే.

నీ బండి వెనక్కి వెళ్లి టాప్ లింక్ పిన్ను చూడు తమ్ముడూ. దాని వెనక లావుపాటి స్ప్రింగు ఒకటి ఉంటుంది. నాగలి గట్టి నేలలోకి దిగినప్పుడు టాప్ లింక్ ముందుకి నొక్కుకుంటుంది, స్ప్రింగు కుంచించుకుంటుంది. ఆ కదలిక లోపలి హైడ్రాలిక్ వాల్వుకి చేరి లిఫ్ట్ నాగలిని కొంచెం పైకెత్తుతుంది. మెత్తటి నేల రాగానే మళ్లీ దించుతుంది. ఎత్తినప్పుడల్లా నాగలి బరువు వెనక చక్రాల మీదికి వస్తుంది కాబట్టి పట్టు పెరుగుతుంది. అందుకే ఇంత తేలికైన బండి అంత పని చేస్తుంది. నాగలి మొద్దుకి తగులుకుంటే వాల్వు పూర్తిగా అటు జరిగి బరువు వదిలేస్తుంది, చక్రాలు ఉన్నచోటే జారతాయి, బండి లేవదు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే. సెన్సరు లేదు, కంప్యూటరు లేదు, ఒక స్ప్రింగు.

1938లో ఫెర్గూసన్ అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డుకి ఈ పద్ధతి చూపించాడు. కాగితం లేదు, సంతకం లేదు, చేతులు కలిపి మాట ఇచ్చుకున్నారు. మరుసటి ఏడే ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. ఫోర్డు పెద్దాయన తర్వాత కంపెనీ ఆయన మనవడి చేతికి వచ్చింది, ఆ ఒప్పందం తెగిపోయింది. ఫెర్గూసన్ కోర్టుకెళ్లాడు. 1952లో 92.5 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది.

ఈలోపు 1946లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో ఫెర్గూసన్ సొంత పేరుతో టీఈ 20 ట్రాక్టరు మొదలైంది. టీఈ అంటే ‘ట్రాక్టర్, ఇంగ్లండ్’. పదేళ్లలో ఐదు లక్షలకి పైగా తయారయ్యాయి. అన్నీ బూడిదరంగే. దాన్ని స్టార్ట్ చేయాలంటే గేరు రాడ్డునే ‘ఎస్’ అన్న చోటికి నెట్టాలి. అంటే గేరులో ఉండగా స్టార్టయ్యే అవకాశమే లేదు. బండితో ఇచ్చే పానా మీద అంగుళాల గీతలు ఉండేవి, నాగలి సర్దుకునేటప్పుడు కొలబద్దగా పనికొచ్చేది. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది కూడా గొలుసు పట్టాలు వేసిన ఈ ఫెర్గూసన్ల మీదే. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీయే. మేనల్లుడికి ఈ సంగతి తప్పకుండా చెప్పు.

మెస్సీ వాళ్లది కెనడా. డేనియల్ మెస్సీ 1847లో వ్యవసాయ పనిముట్ల షెడ్డు పెట్టాడు, 1891లో హ్యారిస్ కంపెనీతో కలిసి మెస్సీ-హ్యారిస్ అయింది. 1953లో ఫెర్గూసన్ తన కంపెనీని వాళ్లతో కలిపేశాడు. 1958 నుంచి పేరు మెస్సీ ఫెర్గూసన్. ఫెర్గూసన్ 35 అప్పుడే బూడిదరంగు వదిలి ఎరుపెక్కి మెస్సీ ఫెర్గూసన్ 35 అయింది. మన దేశంలో 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ వీటిని తయారు చేసింది. మీ 1035 ఆ 35 వంశమే. ఇంజన్ సింప్సన్ కంపెనీ వాళ్లది, దాని మూలం ఇంగ్లండ్‌లోని పెర్కిన్స్ కంపెనీ.

ప్రశ్న వేసినవారు:

అన్నా, చాలా చాలా థ్యాంక్స్. మీ జవాబు నాన్నగారికి చదివి వినిపించాను. స్ప్రింగు సంగతి విని ఆయనే లేచి కొట్టంలోకి వెళ్లి టార్చిలైటు వేసి చూశారు. పాత ఇనుము మాట మళ్లీ ఎత్తలేదు. ఇంజనాయిల్ నల్లగానే ఉంది, తెల్లబడలేదు. ఆరో రోజుకి పూలీ తిరిగింది. నాజిళ్లు డీజిల్ పంపు షాపులో చూపించాం, ఒకటి మార్చాలన్నారు. కానీ వెనక గేరుబాక్సు ఆయిల్ మాత్రం పాలలా ఉంది. లిఫ్ట్ ఆయిల్ వేరే ఉంటుందా?

జవాబు:

శుభవార్త చెప్పావు. వేరే ఉండదు తమ్ముడూ. హైడ్రాలిక్ పంపుని ఫెర్గూసన్ గేరుబాక్సు వెనక పెట్టెలోనే పెట్టేశాడు. గేర్లకీ డిఫరెన్షియల్‌కీ లిఫ్ట్‌కీ ఒకటే ఆయిల్. ఆ నీళ్లతోనే నడిపితే ముందు లిఫ్ట్ పంపు పాడవుతుంది. గేరు రాడ్డు మొదట్లో రబ్బరు బూటు ఉంటుంది, అది చిరిగిందేమో చూడు. కొట్టం కప్పు కారితే నీళ్లు అక్కణ్ణుంచే దిగుతాయి. ముందు బూటు మార్చి, తర్వాత ఆయిల్ తీయి. కింద డ్రెయిన్ బోల్టులు ఒకటికంటే ఎక్కువ ఉంటాయి, అన్నీ విప్పి ఒక రాత్రంతా వదిలెయ్యి. తక్కువ రకం ఆయిల్ పోసి కాసేపు నడిపి, మళ్లీ తీసేసి, అప్పుడు అసలు ఆయిల్ పొయ్యి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇంజన్ ఆపే స్టాపరు సాఫీగా లాగబడుతుందో లేదో చూసుకో. పక్కనే ఒక చెక్కపలక పెట్టుకో. డీజిల్ పంపు పట్టేసి ఇంజన్ ఆగకుండా రేసు అందుకుంటే ఎయిర్ క్లీనరు పైపు విప్పి గాలి దారిని పలకతోనే మూయాలి, చేత్తో కాదు. డీజిల్ ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, డీజిల్ పైపుల్లో గాలి తీశాకే కీ తిప్పు. క్లచ్ పెడల్‌ని ముందు రోజు రాత్రే నొక్కి కర్రతో ఆనించి ఉంచు, ప్లేటు పట్టేసి ఉంటే వదులవుతుంది.