బైపోలార్‌లో మూడ్ ఒక్క రోజులోనే ఇట్లా మారతాదా?

మాది తిరుపతి, మా తమ్ముడికి బైపోలార్ (మూడ్ అతి హుషారుకీ, బాగా దిగులుకీ మారే మానసిక జబ్బు) అని డాక్టర్ చెప్పినాడు, మూడ్ నిలకడగా ఉండేదానికి లిథియం మాత్రలు వాడతా ఉండాడు. పొద్దున అలిపిరి మెట్లు ఇప్పుడే ఎక్కేస్తా అని దుముకుతాడు, సాయంత్రానికి దుప్పటి కప్పుకుని అన్నం కూడా వద్దంటాడు. ర్యాపిడ్ సైక్లింగ్ అంటే ఏడాదిలో 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఎపిసోడ్లు (అతి హుషారు గానీ దిగులు గానీ కొన్నాళ్ళు పట్టుకునే విడతలు) రావడం అని చదివినా, మరి ఒకే రోజులో మారేది దాంట్లోకే వస్తాదా, లేకుంటే హుషారూ దిగులూ ఒకేసారి కలిసొచ్చే మిక్స్‌డ్ ఎపిసోడ్ అంటారే అదా? థైరాయిడ్ తేడా ఉన్నా, డిప్రెషన్ మాత్రల వల్లైనా ఇది పెరగొచ్చంట, వాడికి మధ్యలో ఆ మాత్రలు కూడా రాసినారు. అమ్మేమో గంగమ్మకు మొక్కుకుంటా ఉంది, మొక్కుకోనీలే, మాత్రలు మానిపించకుంటే చాలు. ఇంట్లో ఇట్లాంటోళ్ళు ఉండే అన్నలూ అక్కలూ, మూడ్ రోజూ ఎట్లా రాసిపెడతారు, నిద్ర గంటలు కూడా రాయాల్నా? ఈసారి డాక్టర్ దగ్గరికి పోతే థైరాయిడ్ టెస్ట్ కాకుండా ఇంకా ఏమేం అడగాల?